మా మామ చూపించిన ఖాళీ కాటా

మొన్న ఆదివారం పొద్దున నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో టీ తాగుతూ కూర్చుంటే ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. మా కుటుంబానికొక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎక్కడో కొత్త జ్వరం మొదలైందని అందులో ఎవరో ఒక వార్త పెట్టారు. నేను ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన మనిషిని. జ్వరం అన్న మాట కనిపించగానే దగ్గు ఉందా, దద్దుర్లు వస్తున్నాయా, ఎన్ని రోజులు ఉంటోంది అని వెతుకుతాను. మా వాళ్లలో ఒక్కరూ అది అడగలేదు. ఆ వార్త వేసిన ఛానల్ ఏ పార్టీదని మా అల్లుడు అడిగాడు. ఫలానా పార్టీదేనని మా మరిది కొడుకు తేల్చేశాడు. ఇంకో పది నిమిషాల్లో ఒకరు ఎలక్షన్లు వస్తున్నాయి కాబట్టి జ్వరాన్ని పుట్టించారని, ఇంకొకరు ఎలక్షన్లు వస్తున్నాయి కాబట్టి జ్వరాన్ని దాస్తున్నారని కొట్లాటకు దిగారు. పాపం ఆ జ్వరం ఇంకా మన జిల్లా పొలిమేర కూడా తొక్కలేదు, అప్పుడే దానికి రెండు పార్టీల కండువాలు కప్పేశారు. నాకు నవ్వొచ్చింది. ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ రోజంతా మా మామ గుర్తుకొస్తూనే ఉన్నాడు.

మామ అంటే నా భర్త తండ్రి. మా ఊరు బోధన్‌కు దగ్గర్లోనే, చెరుకు తోటల మధ్య ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల చెరుకు బండ్లను తూచడానికి మా ఊరి బయట ఒక సెంటర్ ఉండేది. అక్కడి కాటా మీద మా మామ పాతికేళ్లకు పైగా పనిచేశాడు. ఊరందరికీ ఆయన కాటా సాబ్. నేను కోడలిగా వెళ్లిన కొత్తలో పోస్ట్‌మన్ ఉత్తరం పట్టుకుని వచ్చి అసలు పేరుతో అడిగితే, పక్కింటివాళ్లు అట్లాంటి మనిషి ఈ ఊళ్లోనే లేడని వెనక్కి పంపించేశారు. మామ ఆ సంగతి తెలిసి కోప్పడలేదు సరికదా, తన పేరు తనకే కొత్తగా వినబడిందన్నాడు.

చెరుకు తూకం అంటేనే అనుమానాల పుట్ట. కాటా ముల్లు తక్కువ చూపిస్తుందని రైతుకు అనుమానం, గడలకు మట్టి అంటించి బరువు పెంచుతున్నారని ఫ్యాక్టరీవాళ్లకు అనుమానం. నడుమ నిలబడ్డ గుమాస్తాను రెండు వైపుల వాళ్లూ తిట్టేవారు. అందుకని మామ తనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రోజూ మొదటి బండి ఎక్కకముందు రైతుల తరఫున ఒక మనిషిని, ఫ్యాక్టరీ తరఫున ఒక మనిషిని పక్కపక్కన నిలబెట్టి ఖాళీ కాటా చూపించేవాడు. ముల్లు సున్నా మీద ఉందని ఇద్దరూ నోరు తెరిచి చెప్పాలి. ఊరికే తలూపితే ఊరుకునేవాడు కాదు. ఆ తర్వాత తానే కాటా ఎక్కి నిలబడేవాడు. ఆయన బరువు ఊరందరికీ తెలుసు కాబట్టి ముల్లు ఎక్కడ ఆగాలో కూడా అందరికీ తెలుసు. దసరా బొబ్బట్లు తిన్న తెల్లారి అది కొంచెం ముందుకు జరిగిందంటే, “ఏం కాటా సాబ్, నిన్న బచ్చాలు బాగనే దిగినయా?” అని బండ్లవాళ్లు ఆటపట్టించేవారట. ఇదంతా అయ్యాకే మొదటి బండికి దారి ఇచ్చేవాడు. వెనక బండ్లు ఎంత దూరం నిలిచినా, ఎడ్లు ఎంత అల్లరి చేసినా ఆ పద్ధతి తప్పింది లేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక మాత్రం ఆయన మనసు విరిగిపోయింది. ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి సైరన్ మళ్లీ మోగుతుందని చెప్పి పోయేవారు. మొదటి రెండుసార్లు నమ్మి, సెంటర్ దగ్గరికి పోయి తుప్పుపట్టిన కాటాకు నూనె పెట్టి వచ్చాడు. మూడోసారి నుంచి పైనుంచి వచ్చే ఏ మాటనూ నమ్మడం మానేశాడు. టీవీలో వాన వస్తుందని చెబితే పనిగట్టుకుని వాకిట్లో మిరపకాయలు ఆరబోసేవాడు. ఒకసారి నిజంగానే వాన కుమ్మరించింది. మా అత్త తడుస్తూ, తిట్టుకుంటూ మిరపకాయలన్నీ ఎత్తింది. మామ అరుగు మీద నుంచి కదలకుండా, “వాన దానంతల అది వచ్చింది. వాళ్లు చెప్పిండ్రని రాలే,” అన్నాడు. అట్లాంటి మనిషి ఇంట్లో నేను సర్కారు నర్సునన్నమాట. నా ఉద్యోగాన్ని మాత్రం ఆయన ఒక్కనాడూ తీసిపారేయలేదు. “నా కోడలు మంచిది, దాని డిపార్ట్‌మెంటే మంచిది గాదు,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఇక మా అత్త. నలభై ఏళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, దారం కట్టడం, అన్నీ కళ్లు మూసుకుని చేసేది. ఆ తంబాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో ఎంత చేరిందో ఎవరూ తూచలేదు. చలికాలం వచ్చిందంటే నాలుగు మెట్లు ఎక్కి ఆయాసపడేది. పైగా షుగరు. కరోనా వచ్చిన మొదటి ఏడు నేను ఊళ్లో అందరికన్నా ఎక్కువ భయపడింది ఆమె గురించే. డ్యూటీ నుంచి రాగానే బావి దగ్గరే స్నానం చేసి, ఆమెకు పది అడుగుల దూరం నుంచి మాట్లాడేదాన్ని. ఆమె మాత్రం, “నన్ను జూసి గట్ల ఉరుకుతున్నవేందే, నేనేమన్న పులినా?” అని నవ్వేది.

ఆ భయం తీరే రోజు టీకాతో వచ్చింది. నేను ముందే వేయించుకున్నాను. మా ఊళ్లో మొదటి క్యాంపు పంచాయతీ ఆఫీసులో పెట్టాను. ఇక్కడే తప్పు జరిగింది, ఆ తప్పు నాదే. మా సర్పంచూ, అంతకుముందు సర్పంచుగా చేసిన ఆయనా తోడల్లుళ్లు. ఇద్దరి భార్యలూ ఒక తల్లి బిడ్డలు. ఎలక్షన్లలో ఎదురెదురు నిలబడినప్పటి నుంచి ఆ రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు, ఊళ్లోని రెండు వాడల మధ్యా మాటల్లేవు. కింది వాడ సర్పంచుది, పై వాడ మాజీది. ఈ సంగతి తెలిసీ నేను సర్పంచును అడిగి మైకులో చెప్పించాను. ఆయన ఊరుకుంటాడా? సూది బొమ్మ పక్కన తన బొమ్మ పెట్టి, నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. సూది చిటికెన వేలంత, సర్పంచు మనిషంత. అది చూశాక పై వాడ నుంచి ఒక్క పురుగు కూడా రాలేదు.

తర్వాతి వారం పై వాడ కోసమని క్యాంపును బడికి మార్చాను. ఆ వారం బోధన్ నుంచి నాకు ఇచ్చింది వేరే కంపెనీ మందు. మొదటి వారం వచ్చిన సీసాకు ఎర్ర మూత, ఈ వారం సీసాకు నీలం మూత. ఇంత చిన్న సంగతి ఊరిని తగలబెట్టింది. ఎర్రది అసలు మందు, తమకు మాత్రం నీలం మూత పెట్టి నీళ్లు పంపారని పై వాడ వాళ్లు అనుకున్నారు. పోనీ, కింది వాడ వాళ్లు సంతోషపడ్డారా అంటే అదీ లేదు. ఎర్రది తమ మీద వేసి చూశారని, అది పనిచేయకపోతే నీలం తయారుచేసి పై వాడకు ఇచ్చారని వాళ్లు అనుకున్నారు. మొదటి సూది వేయించుకున్నవాళ్లు రెండో సూదికి రాలేదు. కొత్తవాళ్లు మొదటిదానికే రాలేదు. ఒక సీసాలో పది మందికి సరిపడా మందు ఉండేది. మూత విప్పితే నాలుగు గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారబోయాలి. అందుకని పది మంది కూర్చుంటే తప్ప నేను సీసా విప్పేదాన్ని కాదు. ముగ్గురో నలుగురో వచ్చేవారు, కాసేపు కూర్చునేవారు, మిగతావాళ్లు రాకపోయేసరికి ఏదో గుర్తొచ్చినట్టు లేచి పోయేవారు. నేను ఐసు డబ్బాను ఎట్లా తీసుకుపోయానో అట్లాగే వెనక్కి తెచ్చుకునేదాన్ని.

అంతలో కరోనా రెండో విడత మీదపడింది. మా అత్తతో కలిసి బీడీలు చుట్టే ఆమె, పై వాడ మనిషి, వారం రోజుల జ్వరంతో నిజామాబాద్ దవాఖానలో పోయింది. మా అత్తకు చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు. మైల తీరకముందే ఆమె చావు కూడా రెండు ముక్కలైంది. పై వాడలో షుగరు ఎక్కువై పోయిందన్నారు. కింది వాడలో, సూది వద్దని పంతం పట్టినందుకే పోయిందని, సొంత మనిషి పోయినంత బాధ లేకుండా, కొంచెం గెలిచినట్టుగా కూడా అన్నారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మా అత్త చాట పక్కన పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఊపిరి పీల్చే చప్పుడు నాకు వంటింట్లోకి వినబడుతోంది.

“అత్తా, రేపు నా యెంట రా. నీకు నేనే సూది ఏస్త,” అన్నాను.

“మీ మామ ఏసుకుంటడా?”

“ఆయన సంగతి ఇడిసిపెట్టు. నీ పానం ముచ్చట జెప్పు.”

“గట్లెట్ల ఇడుస్త? ఆయనొక్కడు పోతే నేనుండి ఏం జెయ్యాలె? ఏసుకుంటే ఇద్దరం ఏసుకుంటం. లేకుంటే ఇద్దరం గిట్లనే ఉంటం,” అంది. భయపడుతూ అనలేదు, ఎప్పుడో తేల్చుకున్న విషయం చెప్పినట్టు అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంట మీదే అరుగు మీదికి పోయాను. మామ నులక మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు, చదువుతూ ప్రతి వార్తకూ “అబద్ధం” అంటున్నాడు. కోడలు మామ ముందు గొంతు పెంచే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ రోజు పెంచాను. ఊరు నమ్మకపోతే పోనీ, ఇంట్లో ఇన్నేళ్లు కలిసి తిన్న మనిషి కూడా నా మాట నమ్మడా అని అడిగాను. నీ పంతంతో అత్తను చంపుకుంటావా అని కూడా అన్నాను. మామ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“నిన్ను నమ్ముత బిడ్డా. నీ చెయ్యి నాకెర్క. గని గా డబ్బ యాడికెళ్లి వచ్చిందో, నడుమ ఎవ్వల చేతులు మారిందో నాకెర్కలే. ఎర్కలేనిదాన్ని ఎట్ల నమ్మాలె?”

అది న్యాయమైన ప్రశ్న. అన్ని వారాలుగా ఊరందరినీ మూర్ఖులని తిట్టుకున్నాను కానీ, ఎవరైనా ఆ ప్రశ్న అడిగే వీలు మాత్రం ఇవ్వలేదు. నేరుగా పోయి ఐసు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి మూత తీశాను. ఐసు ప్యాకులు చూపించాను. లోపలి చల్లదనం చూసే చిన్న మీటరు చూపించాను. బోధన్ దవాఖాన ఫ్రిజ్ నుంచి మా సబ్‌సెంటర్ దాకా ఎవరెవరు సంతకాలు పెట్టారో ఆ కాగితం చూపించాను. ఆయన అద్దాలు తుడుచుకుని సీసా మీది అచ్చు అక్షరాలను మెల్లగా, ఒకటికి రెండుసార్లు చదివాడు.

“మరి రెండు రంగులెందుకున్నయ్?”

“రెండు కంపెనీలు చేస్తున్నయ్ మామా. రెండూ ఒక్క రోగానికే. మొదలు ఏది ఏసుకుంటే రెండోసారి గదే ఏసుకోవాలె. ఏ వారం ఏది వస్తే గది నాకిస్తరు.”

“గీ ముచ్చట ఊర్ల జెప్పినవా?”

“మైకుల చెప్పిచ్చిన గదా.”

“నువ్వు చెప్పిచ్చినవ్. చెప్పింది సర్పంచు. ఆయన నోట్లెకెళ్లి వస్తే పై వాడోళ్లకు గది మందెట్లయితది? ఆయన పార్టీ ముచ్చట అయితది.” నా మొహంలోకి చూసి అన్నాడు. “ఖాళీ కాటా సూపియ్యకముందే బండ్లు ఎక్కిచ్చినవ్ బిడ్డా. ఇగ తూకం ఎంత మంచిదైనా ఎవ్వడు నమ్ముతడు?”

ఇన్నేళ్ల సర్వీసులో నాకు ట్రైనింగులు చాలా ఇచ్చారు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ సాయంత్రం మేమిద్దరం అరుగు మీద కూర్చుని షరతులు రాసుకున్నాం. రాసుకున్నాం అంటే, ఆయన చెప్పాడు, నేను రాశాను. క్యాంపు పంచాయతీలో వద్దు, బడిలో వద్దు. ఊరి బయట పాత చెరుకు సెంటర్‌లో పెట్టాలి, అది ఏ వాడదీ కాదు. మైకు ఉండొద్దు, ఫ్లెక్సీ ఉండొద్దు, ఫొటో తీయొద్దు. కింది వాడ నుంచి నలుగురు, పై వాడ నుంచి నలుగురు, వాళ్లకు తోడు మామ, అత్త. పది మందికీ ఒకే సీసా. తోడల్లుళ్లిద్దరూ భార్యలతో సహా ఆ ఎనిమిది మందిలో ఉండాలి. మా డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగితే, “గుట్ట మీద పెట్టుకుంటావో పొలంలో పెట్టుకుంటావో, పది మంది వస్తే చాలమ్మా,” అంది. ఆ రెండు ఇళ్లకూ మామ తానే స్వయంగా పోయి పిలిచాడు. ఫ్యాక్టరీ పోయినప్పటి నుంచి ఆయన ఒకరి ఇంటికి పోయి ఒక పని అడగడం అదే మొదటిసారి. ఎదురుగా వచ్చి నిలబడ్డ కాటా సాబ్‌ను కాదనే ధైర్యం ఆ ఇద్దరికీ లేకపోయింది.

ఆ రోజు పొద్దున మేము పోయేసరికి సెంటర్ చుట్టూ ఊరు సగం నిలబడి ఉంది, సూది కోసం కాదు, వేడుక చూడటానికి. గడ్డి మొలిచిన కాటా పక్కన నేనూ ఆశా కార్యకర్తా బల్ల వేశాం. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తోడల్లుళ్లను బల్లకు చెరోవైపు నిలబెట్టి, సీసా ఒకరి చేతికిచ్చి చదవమన్నాడు. సర్పంచు ఆ మందు పేరు, తారీఖు, నంబరు పైకి చదివాడు. మాజీ సర్పంచు అదే సీసా తీసుకుని మళ్లీ చదివాడు, తోడల్లుడు ఎక్కడన్నా తప్పు చదివాడేమోనన్న ఆశతో మరీ మెల్లగా చదివాడు. రెండు చదువులూ ఒకటే అయ్యాయి. రెండు రంగుల సంగతి నేను గట్టిగా, నా నోటితోనే చెప్పాను. ఎవరో వెనక నుంచి, “జరమొస్తదా?” అని అడిగారు. ఏమీ కాదు అనబోయాను, ఎప్పుడూ అట్లాగే అనేదాన్ని. మామ నావైపు ఒక చూపు చూశాడు. “వస్తది. అందరికి గాదు, కొందరికి. ఒకటి రెండు రోజులు జరముంటది, ఒళ్లు నొప్పులుంటయ్. తగ్గుతది,” అన్నాను. జనం గుసగుసలాడారు కానీ ఎవరూ కదల్లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. తోడల్లుళ్లిద్దరూ కుర్చీల దాకా వచ్చి ఆగిపోయారు. ముందు ఆయన కూర్చోవాలని ఈయన, ఈయన కూర్చోవాలని ఆయన. పెళ్లిలో మర్యాదలు చేసుకుంటున్నారా అనిపించేంతగా ఒకరినొకరు ముందుకు తోసుకుంటున్నారు. అప్పుడు జనంలో నుంచి సర్పంచు భార్య విసవిసా వచ్చి మధ్య కుర్చీలో కూర్చుంది. ఒక్క క్షణం తర్వాత రెండో వైపు నుంచి ఆమె చెల్లెలు వచ్చి పక్కనే కూర్చుంది. ఎలక్షన్ల నుంచి ఆ అక్కాచెల్లెళ్లు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పెద్దామె ముందుకు చూస్తూనే చెల్లెలి చెయ్యి పట్టుకుంది. “మొగోళ్లు తేల్చుకునేటాళ్లకు మనం ముసలోళ్లమైతం. నువ్వు చెయ్యి సాపు,” అంది. జనం గొల్లుమన్నారు. తోడల్లుళ్లు తలలు దించుకుని వచ్చి చెరో చివర కూర్చున్నారు.

మామ, అత్త, ఆ రెండు జంటలు, కింది వాడ నుంచి ఇంకో ఇద్దరు, పై వాడ నుంచి ఒకరు. తొమ్మిది. పై వాడ నుంచి రావలసిన నాలుగో మనిషి పొద్దున్నే బోధన్‌కు పోయాడట. పని ఉందన్నాడట. నేను సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది. ఇంకాసేపు ఆగితే ఒకరి తర్వాత ఒకరు లేస్తారని నాకు తెలుసు, అట్లా లేవడం నేను చాలాసార్లు చూశాను. సీసా విప్పుదామా అన్నట్టు మామ వైపు చూశాను. “పది గావాలె,” అన్నాడు, అంతే. అత్త చీర చెంగుతో చెమట తుడుచుకుంటోంది, ఆమె గొంతులో పిల్లికూతలు నాకు అంత దూరం వినబడుతున్నాయి.

పై వాడ వైపు నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. దవాఖానలో పోయిన మా అత్త స్నేహితురాలి కోడలు. ఇంట్లో చావు జరిగి నెల కూడా కాలేదు. ఎవరివైపూ చూడకుండా వచ్చి పదో కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ల వాడ పెద్దమనిషి ఒకాయన, “నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా, మీ అత్త షుగర్ తోని గదా పోయింది,” అని గద్దించాడు.

ఆమె లేచి నిలబడింది. “షుగర్ తోని పోలే కాకా. గా రోగం తోనే పోయింది. ఊపిరాడక పోయింది. నేను పక్కనే ఉన్న. మీరందరు షుగర్ అనుమంటే నేను గూడ అన్న. ఇగ అన,” అంది. కింది వాడలో ఆమె అత్త చావును ఎగతాళి చేసినవాళ్లు నేల చూపులు చూశారు. మా అత్త లేచి పోయి ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను సీసా మూత తీశాను. మొదటి సూది మామకు వేశాను, రెండోది అత్తకు. మధ్యాహ్నానికల్లా వేడుక చూడటానికి వచ్చినవాళ్లలో ఇరవై మంది కూర్చున్నారు, ఇంకో రెండు సీసాలు విప్పాను.

మరునాడు పొద్దున మామకు జ్వరం వచ్చింది. చిన్న జ్వరం కాదు, ఒళ్లు కాలిపోతోంది. వాకిలి బయట అప్పటికే నలుగురైదుగురు, అటు పోతూ ఇటు పోతూ మా అరుగు వైపు తొంగిచూస్తున్నారు. ఊరు ఊరంతా కాటా సాబ్ ఎట్లా ఉన్నాడోనని కాచుకుని ఉంది. నేనే కదా జ్వరం వస్తుందని అంత ధైర్యంగా చెప్పింది, అయినా భయపడ్డాను. “మామా, లోపలనే పండుకో. బయటికి రాకు. ఊరికి పోయిండని చెప్త,” అన్నాను. ఆయన గోడ పట్టుకుని లేచాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అరుగు మీదికి పోయి మంచం మీద కూర్చున్నాడు.

“ఏం కాటా సాబ్, ఎట్లున్నది?”

“జరమొచ్చింది. మంచిగనే వచ్చింది. ఒళ్లంత నొస్తుంది. వస్తదని నర్సమ్మ నిన్ననే జెప్పింది, గట్లనే వచ్చింది. మా ఇంటిదానికి చెయ్యి నొప్పి తప్ప ఏం లేదు. రేపు గూడ రాండ్రి, ఎట్లున్నదో రేపటిది రేపు జెప్త.”

రోజంతా ఎవరొచ్చి అడిగినా ఇదే మాట చెప్పాడు. సాయంత్రానికి జ్వరం సగం దిగింది. మరునాడు పొద్దున వచ్చినవాళ్లకు తగ్గిందని చెప్పి, రుజువుగా వాళ్ల ముందే రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. నేను దాచాలనుకున్న జ్వరమే ఊరిని మార్చింది. చెప్పింది చెప్పినట్టు జరిగిన మాట మా ఊరు విని ఎన్నేళ్లయిందో. తర్వాతి వారం సెంటర్ దగ్గర వరుస పొలం గట్టు దాకా సాగింది. రెండు వాడలవాళ్లూ ఒకే వరుసలో, ముందు వెనకల కోసం మామూలుగా కొట్లాడుకుంటూ నిలబడ్డారు. పార్టీ కోసం కాక నీడ కోసం కొట్లాడుకోవడం చూసి నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మందు అయిపోయి బోధన్‌కు మనిషిని పంపి ఇంకో డబ్బా తెప్పించాను. పక్క ఊరి నాయకుడొకాయన ఫొటో దిగుదామని కారేసుకుని వస్తే, మామ ఆయనకు కూడా వరుస చివర చోటు చూపించాడు.

ఆ చలికాలం రోగం మళ్లీ వచ్చింది, ఈసారి మా ఇంట్లోకీ వచ్చింది. అత్త నాలుగు రోజులు దగ్గింది. ఆక్సిజన్ చూసే క్లిప్పును గంటకోసారి ఆమె వేలికి పెట్టి అంకె చూసేదాన్ని, అంకె కిందికి పోలేదు. అయిదో రోజు ఆమె గంజి గిన్నె పక్కకు నెట్టి, “గీ సప్పటి గంజి నేను తాగ. జర పచ్చిపులుసు జెయ్యి, కారం మంచిగెయ్యి,” అంది. వంటింట్లోకి పోయి పెద్దగా నవ్వాను, ఏడ్చాను కూడా. ఆ విడతలో మా ఊరి నుంచి ఒక్క పాడె లేవలేదు. రెండు వాడలవాళ్లూ ఇప్పటికీ వేర్వేరు పార్టీలకే ఓట్లు వేస్తారు, వేయనీ. ఒక్క పాడె లేవలేదన్న మాట చెప్పుకునేటప్పుడు మాత్రం రెండు వాడలవాళ్లూ మీసం మెలేస్తారు.

మామ రెండేళ్ల కింద పోయాడు, కడుపు నిండా తిని, పట్టపగలు, వయసైపోయి. తోడల్లుళ్లిద్దరూ చెరోవైపు పాడె మోశారు. అత్త ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఎనభై దాటింది, రోజూ టీలో చక్కెర కోసం నాతో గొడవపడుతుంది. ఆ గొడవలో నేనెప్పుడూ ఓడిపోతాను, సంతోషంగానే ఓడిపోతాను. ఎందుకంటే ఈ ఏళ్లు మాకు ఊరికే రాలేదు. ఒక పొద్దున ఎండలో పది మంది పక్కపక్కన కూర్చుని, కాలం చేతిలోంచి గుంజుకున్న ఏళ్లు ఇవి.